దారే స్టీరింగ్ పట్టిన బస్సు

కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం 1929 నాటికి పూర్తయింది. ఢిల్లీని మద్రాసుతో కలిపిన ఆ దారి మీద పెద్దపల్లి ఒక స్టేషన్. పక్కనే, ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కరీంనగర్‌కు రైలు చేరడానికి మాత్రం ఇంకో డెబ్బై ఏళ్లు దాటింది. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్ పోయే మార్గానికి 1993లో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు శంకుస్థాపన జరిగింది. నూట డెబ్బై పైచిలుకు కిలోమీటర్ల ఆ దారి నిజామాబాద్‌ను తాకేసరికి 2017 వచ్చింది. పునాదిరాయి పడిన ఏడు పుట్టిన పిల్లలు చదువులు ముగించుకుని ఉద్యోగాల్లో చేరిపోయారు.

ఆ ఇరవై నాలుగేళ్లూ జనాన్ని మోసింది బస్సే. రోడ్డు ఉంటే చాలు, బస్సు రేపటి నుంచే నడుస్తుంది. ఊళ్లోకి వస్తుంది, చేయెత్తితే ఆగుతుంది, వంతెన కొట్టుకుపోతే చుట్టూ తిరిగి పోతుంది. అయితే రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీల వెనకా, వడ్ల ట్రాక్టర్ల వెనకా ఈడ్చుకుంటూ పోయే బస్సుకు రైలుకున్న ధీమా లేదు. ఎన్ని గంటలకు బయల్దేరుతుందో చెప్పగలం, ఎన్ని గంటలకు చేరుతుందో చెప్పలేం.

రైలుకున్న ఆ ధీమాను, బస్సుకున్న చొరవను ఒకే బండిలో పెట్టలేమా అన్న ప్రశ్న ప్రపంచంలో చాలామంది ఇంజనీర్లను పట్టి పీడించింది. దానికి వచ్చిన జవాబుల్లో బాగా ఆసక్తికరమైనది గైడెడ్ బస్సు. బండి మామూలు బస్సే, టైర్లు మామూలు టైర్లే. కొంత దూరం మాత్రం డ్రైవర్ స్టీరింగ్ వదిలేస్తాడు. అక్కడ బస్సును మలుపు తిప్పేది దారే. ఈ ప్రయోగం నలభై అయిదేళ్లుగా సాగుతోంది. కొన్నిచోట్ల నిలబడింది, చాలాచోట్ల పోయింది. పోయినచోట సాధారణంగా దారి చెడిపోలేదు, బండ్లు దొరకలేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ సంగతే.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. రైలు చక్రానికి లోపలి వైపు ఒక అంచు ఉంటుంది. పట్టా మీంచి చక్రం జారకుండా ఆపేది అదే. గోదావరిఖని బొగ్గుబాయిలో టబ్బు తోసినవాళ్లకు ఆ అంచు బాగా తెలుసు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండు బొగ్గు గనుల్లో దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతి ఒకటి నడిచింది. చక్రానికి అంచు తీసేసి దాన్ని పట్టాకు పెట్టారు. ఎల్ ఆకారంలో పోతపోసిన ఇనుప పలకలు పరిచి, వాటి మీద మామూలు బండి చక్రాలు దొర్లించారు. షెఫీల్డ్ గనుల్లో పనిచేసిన జాన్ కర్, ఆ తర్వాత బెంజమిన్ ఔట్రామ్ దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. దీనిలో పెద్ద సుఖం ఏమిటంటే, పలకలు అయిపోయినచోట బండి ఆగిపోదు, మట్టి రోడ్డు మీదికి దిగి అలాగే పోతుంది. పోత ఇనుము పెళుసు కనుక పలకలు విరిగేవి. ఎల్ మూలలో మట్టీ రాళ్లూ చేరేవి. మంచి ఉక్కు పట్టాలు వచ్చాక ఆ పద్ధతి మూలన పడింది. ఆ తర్వాత సుమారు నూట యాభై ఏళ్లకు మళ్లీ తలెత్తినప్పుడు కూడా అది ఒక బొగ్గు పట్నంలోనే తలెత్తింది.

ఆ పట్నం జర్మనీలోని ఎస్సెన్, రూర్ బొగ్గు సీమకు నడిబొడ్డు. బండ్లు తయారుచేసే డైమ్లర్-బెంజ్, కాంక్రీటు పనులు చేసే జ్యూబ్లిన్ కలిసి అక్కడ 1980 సెప్టెంబర్‌లో కిలోమీటరున్నర కూడా లేని ఒక దారి వేశాయి. ప్రయాణికులతో నడిచిన ఈ తరహా దారుల్లో అది తొలి వరసలోది.

బండిని దగ్గరి నుంచి చూద్దాం. ముందు చక్రాల పక్కన వంగితే మామూలు బస్సుకు లేనిది ఒక్కటే కనిపిస్తుంది. రెండు పక్కలా, టైరుకు కాస్త ముందుగా బయటికి పొడుచుకొచ్చిన ఉక్కు చేయి. దాని కొసన అడ్డంగా, నేలకు సమాంతరంగా పడుకోబెట్టి బిగించిన చిన్న గట్టి రబ్బరు చక్రం. దీన్ని గైడ్ రోలర్ అంటారు. దారి అంటే రెండు కాంక్రీటు పట్టీలు, వాటి బయటి అంచున సుమారు 18 సెంటీమీటర్ల ఎత్తు గోడలు. రెండు గోడల మధ్య ఎడం 2.6 మీటర్లు. రోలర్లు రెండు గోడలనూ ఒరుసుకుంటూ దొర్లుతాయి. కిటుకంతా ఆ ఉక్కు చేయి ఎక్కడ బిగించి ఉందన్న దానిలో ఉంది. అది బస్సు చట్రానికి కాదు, ముందు చక్రాన్ని తిప్పే స్టీరింగ్ నకిల్‌కే నేరుగా బిగించి ఉంటుంది. దారి కుడికి వంగిందనుకోండి. ఎడమ గోడ దగ్గరికి వచ్చి ఎడమ రోలర్‌ను కుడివైపు నెడుతుంది. రోలర్ చక్రం ఇరుసుకు ముందుంది కనుక ఆ తోపుకు చక్రమే కుడికి తిరుగుతుంది. డ్రైవర్ ముందున్న స్టీరింగ్ దానంతటదే తిరగడం కనిపిస్తుంది. మోటారు లేదు, కంప్యూటర్ లేదు, కరెంటు లేదు. వానాకాలం నల్లరేగడి బాటలో పడిన గాడిలో ఎడ్లబండి తోలేవాడు పగ్గం వదిలినా బండి ఎలా పోతుందో, ఇదీ అలాగే పోతుంది.

మామూలు రోడ్డు నుంచి ఈ దారిలోకి ప్రవేశించేచోట గోడలు గరాటులా వెడల్పుగా మొదలై సన్నబడతాయి. డ్రైవర్ వేగం తగ్గించి బస్సును గరాటులోకి పెడతాడు, రోలర్లు గోడలను అందుకుంటాయి, అక్కడి నుంచి అతని పని యాక్సిలరేటరూ బ్రేకూ మాత్రమే. దారి అయిపోయాక మళ్లీ స్టీరింగ్ అతనిది.

దీనివల్ల ఒరిగేదేమిటి? మొదటిది వెడల్పు. ఎంత మంచి డ్రైవరైనా బస్సును గీత గీసినట్టు నడపలేడు. అటూ ఇటూ కాస్త ఊగుతుంది. ఆ ఊపుకు చోటివ్వాలి కనుక బస్సు రెండున్నర మీటర్లే ఉన్నా దాని వరస మూడున్నర మీటర్లు ఉండాలి. గోడ పట్టుకుంటే ఆ ఊపు పోతుంది. ఒక్కో వైపు మీటరు దాకా, రెండు వైపులా కలిపి రెండు మీటర్ల దాకా చోటు మిగులుతుంది. ఇరుకు ఊళ్లో ఆ రెండు మీటర్లు కొన్ని వందల ఇళ్ల ముందరి గోడలు. రెండోది, ఈ దారిలోకి కార్లు, ఆటోలు దూరలేవు, బస్సుకు కేటాయించిన చోటు బస్సుకే మిగులుతుంది. మూడోది, ప్లాట్‌ఫారానికి బస్సు కొన్ని సెంటీమీటర్ల దూరంలో, ప్రతిసారీ ఒకేచోట ఆగుతుంది. ఈ మూడో లాభాన్ని చాలామంది పక్కన పెట్టేస్తారు. మన ఊళ్లకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది అదేనని నా నమ్మకం. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

నష్టాలూ ఉన్నాయి. ఉక్కు మీద ఉక్కు దొర్లడానికి పట్టే బలం, కాంక్రీటు మీద రబ్బరు టైరుకు పట్టే దానిలో నాలుగో వంతో అయిదో వంతో ఉంటుంది. కనుక బరువు లాగడంలో ఇది ఎప్పటికీ రైలు కాదు. ప్రతి బస్సూ టైరు సరిగ్గా ఒకే గీత మీద పెడుతుంది కనుక తారు రోడ్డయితే కొన్నాళ్లకే గాడి పడుతుంది. అందుకే కాంక్రీటు కావాలి, అదీ మిల్లీమీటర్ల లెక్కలో సాపుగా పోయాలి. గోడ కాస్త వంకరపోతే ఆ వంకర నేరుగా స్టీరింగ్‌లోకి, అక్కడి నుంచి ప్రయాణికుడి నడుములోకి వస్తుంది.

ఎస్సెన్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. తీగ నుంచి కరెంటు తీసుకుని, తీగ లేనిచోట డీజిల్‌తో నడిచే డ్యుయో బస్సులను 1988 నుంచి ట్రాము సొరంగంలోకి దింపారు. ఒకే సొరంగంలో ట్రామూ బస్సూ వెనకా ముందూ. కాగితం మీద గొప్పగా ఉన్న ఆ ఏర్పాటు 1995లో ఆగిపోయింది. నేల మీద వేసిన దారులు మాత్రం తర్వాత కూడా చాలాకాలం పనిచేశాయి.

బ్రిటన్‌లో తొలి ప్రయోగం బర్మింగ్‌హామ్‌ది. పేరు ట్రాక్‌లైన్ 65, 65వ నెంబరు రూటులో. 1984 అక్టోబర్ 9న మొదలైంది. సిటీ నుంచి షార్ట్ హీత్ దాకా మామూలుగా నడిచే బస్సు, చివర్లో రోడ్డు మధ్య పచ్చిక పట్టీలో వేసిన సుమారు 600 మీటర్ల దారిలో రోలర్ల మీద పోయేది. దీనికోసం పద్నాలుగు డబుల్ డెక్కర్లు చేయించారు. ఆ ఊరి ఎంసీడబ్ల్యూ ఫ్యాక్టరీలో తయారైన మెట్రోబస్సులు, నలుపూ వెండి రంగుల్లో. రెండంతస్తుల బస్సును గోడ పట్టించి నడపవచ్చని నిరూపించడమే ప్రయోగం లక్ష్యం. అది నిరూపణైంది కూడా. రెండేళ్లకు, 1986 అక్టోబర్‌లో, ప్రభుత్వం బస్సు రూట్లను పోటీకి విడిచిపెట్టింది. నగర రవాణా సంస్థ చేతిలోంచి బస్సుల నిర్వహణ జారిపోయింది. ఇలాంటి ప్రయోగాన్ని ఓపిగ్గా కొనసాగించే నాథుడు లేకపోయాడు. 1987లో దారి మూసేశారు.

ఆరు వందల మీటర్లు అంటే ఒక నిమిషం ప్రయాణం. ఆ నిమిషంలో ఎవరికీ అరగంట మిగలదు. ప్రయోగాలు అలా చిన్నగానే మొదలవుతాయి, తప్పులేదు. కానీ ఇక్కడ గమనించాల్సింది ఆ పద్నాలుగు బండ్ల సంగతి. దారి పోయాక వాటి రోలర్లు విప్పేశారు. అవి మామూలు మెట్రోబస్సులై మిగతా వాటితో కలిసి ఊరంతా తిరిగాయి. ప్రయోగం ముగిసినా బండ్లు వృథా కాలేదు. ఈ వివరం గుర్తుంచుకోండి, ఫ్రాన్స్ వెళ్లినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అంతకంటే ముందు అడిలైడ్‌కు వెళ్లాలి. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని ఆ నగరానికి ఈశాన్యంగా, టారెన్స్ నది లోయ వెంట కొత్త కాలనీలు పెరిగాయి. అక్కడికి ట్రాము వెయ్యాలని ఒక ప్రభుత్వం తలపెట్టింది. 1979 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. డేవిడ్ టాంకిన్ నాయకత్వంలో వచ్చిన కొత్త ప్రభుత్వానికి ట్రాము ఇష్టం లేదు, జనానికి మాట మాత్రం ఇచ్చేసి ఉంది. వేరే దారి వెతుకుతూ జర్మనీ చేరారు, డైమ్లర్-బెంజ్ వాళ్ల ఓ-బాన్ అనే గైడెడ్ బస్సు పద్ధతిని చూశారు. మధ్యలో ప్రభుత్వం మళ్లీ మారినా పని ఆగలేదు. 1986 మార్చి 9న తొలి సగం తెరుచుకుంది, 1989 ఆగస్టులో మిగతా సగం. మొత్తం 12 కిలోమీటర్లు, మధ్యలో క్లెమ్‌జిగ్, పారడైజ్, చివర టీ ట్రీ ప్లాజా, అంతే, మూడే స్టేషన్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి కట్టిన దారి.

ఇక్కడ అసలు కథ నేలది. టారెన్స్ లోయలో ఒండ్రు మట్టి, నీరు తగిలితే ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే బంకమట్టి. మన చెలకల మధ్య అక్కడక్కడ పరుచుకున్న నల్లరేగడికి అది చుట్టం. వైశాఖంలో చేయి దూరేంత నెర్రెలు విచ్చి, శ్రావణంలో మూసుకుపోయే నేల ఎంత మొండిదో ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. దాని మీద మిల్లీమీటరు తేడా రాని గోడలు నిలబెట్టాలి. అడిలైడ్ ఇంజనీర్లు ఆ నేలను నమ్మలేదు. గుంతలు తవ్వి నాలుగు మీటర్ల లోతు దాకా కాంక్రీటు స్తంభాలు దింపారు. వాటి మీద అడ్డంగా కాంక్రీటు స్లీపర్లు, స్లీపర్ల మీద ఫ్యాక్టరీలో పోసి తెచ్చిన 12 మీటర్ల పొడవు ఎల్ ఆకారపు ముక్కలు. పాత గనుల్లోని ఆ ఇనుప పలకలే కాంక్రీటులో తిరిగొచ్చాయి. నిజానికి బస్సు నేల మీద నడవడం లేదు, పొడవాటి సన్నని వంతెన మీద నడుస్తోంది. రెండు పట్టీల మధ్య గడ్డి పెరుగుతుంది. లోయ పొడవునా చెట్లు నాటి నదీతీరాన్ని పార్కు చేశారు.

బండ్లు మెర్సిడెస్ ఓ305లు, కొన్ని మామూలువి, కొన్ని మధ్యలో మడత ఉన్న పొడవాటివి. ముందు టైరులోపల ఇంకో అల్యూమినియం చక్రం పెట్టారు. గోడల మధ్య టైరు పంక్చరైతే బస్సును పక్కకు తీసే వీలుండదు కదా. గాలి పోయినా ఆ లోపలి చక్రం మీద నెమ్మదిగా స్టేషన్ దాకా పోవచ్చు. దారి మొదట్లో కార్లను ఆపడానికి నేల మీద ఒక అడ్డు పెట్టారు. బస్సు దాని మీదుగా దాటిపోతుంది, పొరపాటున వచ్చిన కారు అడుగుభాగం దానికి తగిలి చీలిపోతుంది. ఇన్నేళ్లయినా అప్పుడప్పుడూ కార్లు అక్కడ ఇరుక్కుంటూనే ఉన్నాయి.

అడిలైడ్‌లో జనం దీన్ని ఇష్టపడటానికి కారణం వేగం ఒక్కటే కాదు. కాలనీల్లో వీధి వీధీ తిరిగి మనుషులను ఎక్కించుకున్న బస్సే దారిలోకి దిగి నగరం నడిమధ్యకు పోతుంది. దిగి ఇంకో బండి ఎక్కే పని లేదు. రైలుకు ఆ అవకాశం లేదు. స్టేషన్ దాకా ఎలాగో రావాలి, మూటలతో, పిల్లలతో. మంథని నుంచో ధర్మారం నుంచో వచ్చే మనిషికి పెద్దపల్లిలో దిగి రైలెక్కి కరీంనగర్ పోవడం, ఎక్కిన బస్సులోనే కూర్చుని పోవడం ఒకటి కావు.

ఆ దారి ఇన్నేళ్లు నిలబడటానికి అంతకంటే లోతైన కారణం బండ్లలో ఉంది. ఓ305లు ముసలివయ్యాయి. కాంక్రీటు దారి యాభై ఏళ్లకు పైగా ఉంటుంది, బస్సు పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో. ఒక దారి బతికినంత కాలంలో మూడు తరాల బస్సులు పుట్టి పోవాలి. అడిలైడ్‌లో పాతవి పోయాక మాన్ బస్సులకూ, ఆ తర్వాత స్కానియా బస్సులకూ రోలర్ చేతులు బిగించారు. ప్రత్యేకమైన భాగం ఆ చేయి ఒక్కటే. మిగతాదంతా ఏ కంపెనీ అయినా తయారుచేసే బస్సు. డైమ్లర్ ఆ వ్యాపారం మీద ఆసక్తి పోగొట్టుకున్నా దారి అనాథ కాలేదు. 2017 డిసెంబర్‌లో నగరం వైపు దానికి ఒక సొరంగం కూడా జోడించారు.

ఇప్పుడు ఫ్రాన్స్. నాన్సీ, కాన్ అనే రెండు నగరాలు ట్రాములాగా కనిపించే, ట్రాము కంటే తక్కువ ఖర్చయ్యే బండి కావాలనుకున్నాయి. బొంబార్డియర్ కంపెనీ వాటికి టీవీఆర్ అనే బండిని ఇచ్చింది. మూడు ముక్కలు, ఇరవై నాలుగున్నర మీటర్ల పొడవు, రబ్బరు టైర్లు. రోడ్డు మధ్యలో ఒకే ఒక పట్టా, దాన్ని రెండు అంచుల చిన్న చక్రాలతో పట్టుకుని బండి మలుపులు తిరుగుతుంది. నాన్సీలో 2001లో మొదలైన కొన్ని వారాలకే బండ్లు పట్టా వదిలి తప్పాయి. సేవలు నెలల తరబడి ఆపాల్సి వచ్చింది. టైర్లు ఒకే గీత మీద దొర్లడంతో రోడ్డుకు గాడులు పడ్డాయి. ఇవన్నీ సరిచేసుకోగల కష్టాలే. సరిచేసుకోలేనిది ఒకటుంది. ప్రపంచం మొత్తంలో ఈ బండిని కొన్నవి ఆ రెండు నగరాలే. నాన్సీకి 25, కాన్‌కు 24. అంత తక్కువ బండ్ల కోసం ఏ కంపెనీ తయారీ లైను నడపదు. బొంబార్డియర్ ఆపేసింది. ఆ పట్టాకు సరిపోయే బండి ఇంకెవరి దగ్గరా లేదు. విడిభాగాలు కరువు, కొన్ని బండ్లను విప్పి మిగతావాటికి అతకడం. కాన్ 2017 చివర దాన్ని ఆపేసి, తవ్వి పోసి, 2019లో మామూలు ఉక్కు చక్రాల ట్రాము వేసుకుంది. నాన్సీ 2023 మార్చి దాకా ఈడ్చి, పట్టా వదిలి ట్రాలీబస్సుల వైపు వెళ్లింది. దారి బాగానే ఉంది, దాని మీద నడవడానికి బండి లేదు. ప్రజల డబ్బుతో చేసే పనిలో ఇంతకంటే బాధాకరమైనది నాకు కనిపించదు.

గోడా వద్దు, పట్టా వద్దు, చూపు చాలు అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్‌లోనే రువాన్ నగరంలో రోడ్డు మీద రంగుతో రెండు చుక్కల గీతలు గీశారు. బస్సు ముందు కెమెరా వాటిని చదివి స్టీరింగ్‌ను తిప్పుతుంది. స్టేషన్లలో ప్లాట్‌ఫారం పక్కన సరిగ్గా ఆగడానికి అది బాగా పనికొచ్చింది. అదే పద్ధతిని 2004లో అమెరికాలో లాస్ వేగస్‌కు తీసుకెళ్తే ఎడారి దుమ్ము, ఇంజన్ల నుంచి కారిన నూనె, కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ కలిసి గీతలను కెమెరాకు కనపడకుండా చేశాయి. కొన్నాళ్లకు ఆ ఏర్పాటు తీసేశారు. రామగుండం చుట్టుపక్కల బొగ్గు పొడి, బూడిద పడే రోడ్ల మీద తెల్ల గీత ఎన్ని రోజులు తెల్లగా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని ఐంధోవన్ రోడ్డులో అయస్కాంతాలు పాతింది. ఆ ఫిలియాస్ బస్సులు అయస్కాంతాల దారిని వదిలేశాయి, తయారుచేసిన సంస్థ కూడా తర్వాత మూతపడింది.

జపాన్‌లో నగోయా 2001లో ఆరున్నర కిలోమీటర్ల వంతెన దారి కట్టింది. చట్టం దృష్టిలో అది రైలు. కనుక దాన్ని నడిపేవాళ్లకు బస్సు లైసెన్సూ, రైలు నడిపే లైసెన్సూ రెండూ ఉండాలి.

అందరికంటే పొడవైన దారి ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌ది. మూతపడిన పాత రైలు కట్ట మీద 25 కిలోమీటర్లు, 2011 ఆగస్టులో తెరిచారు. రద్దీ బాగా పెరిగింది. పక్కనే సైకిళ్లకు, నడిచేవాళ్లకు బాట వేశారు, జనం దాన్నీ బాగా వాడుకున్నారు. కానీ ఆ బాటకూ బస్సు దారికీ మధ్య చాలాచోట్ల కంచె లేదు. బస్సు డ్రైవర్ బ్రేకు వేయగలడు గాని, పక్కకు తప్పించలేడు. వేర్వేరు ప్రమాదాల్లో ముగ్గురు చనిపోయారు. 2025లో అక్కడి కౌంటీ కౌన్సిల్‌కు కోర్టు 60 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. గోడల మధ్య పోయే బండికి ఎదురుగా మనిషి వస్తే ఏం చేయాలన్నది కాంక్రీటు పోయకముందే తేల్చుకోవలసిన ప్రశ్న. పట్టాల మీది రైలును చూసి జనం దూరం జరుగుతారు. బస్సును చూసి జరగరు, అది పక్కకు తిరుగుతుందనుకుంటారు.

తెలుగు నేల మీద గోడ పట్టుకుని నడిచే బస్సు ఇంతవరకు రాలేదు. దానికి దగ్గరి చుట్టాలు మాత్రం ఉన్నారు. రైలూ బస్సూ ఒకే ఇంటివి అన్న ఆలోచన ఇక్కడ చాలా పాతది. 1932లో హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ బస్సులు మొదలైనప్పుడు వాటిని నడిపింది నిజాం రైల్వేనే. రైలు, రోడ్డు రవాణాను ఒకే శాఖ కింద పెట్టి 27 బస్సులతో మొదలుపెట్టారు. మన ఆర్టీసీ వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. ఇక గోదావరి జిల్లాలో కాకినాడ–కోటిపల్లి దారి. 1928లో వేసిన పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు. 2004లో మళ్లీ వేశాక ద్రాక్షారామం మీదుగా అక్కడ నడిచింది రైల్ బస్సు, అంటే బస్సంత బండికి రైలు చక్రాలు. రైలు ఇంజనూ పెట్టెలూ నింపేంత జనం లేని దారికి అది సరైన కొలత. అయితే అది పట్టా దిగి పక్క ఊళ్లోకి పోలేదు. మరమ్మతుకొస్తే డిపో నుంచి ఇంకో బస్సు తెచ్చి దాని బదులు నడపలేరు. గైడెడ్ బస్సు విడిపించుకోవాలనుకున్న చిక్కుముడి సరిగ్గా ఇదే.

విజయవాడ, విశాఖపట్నాలు బస్సుకు విడి వరసలు వేశాయి, గోడలు కట్టలేదు. వరంగల్‌కు కాజీపేట నుంచి రబ్బరు టైర్ల మెట్రో నియో నడపాలని ప్రతిపాదన తయారైంది. దాని గురించి మాట్లాడేవాళ్లు కిలోమీటరుకు ఎన్ని కోట్లు అన్నదాని మీదే ఆగిపోతున్నారు. పదిహేనేళ్ల తర్వాత రెండో తరం బండ్లను ఎంతమంది తయారీదారులు అమ్మగలరు అన్నది నా ప్రశ్న. ఒక్కరే అయితే నాన్సీ గుర్తుకు రావాలి.

సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ల తిహాన్ కేంద్రం ఇంకో దారి పట్టింది. డ్రైవర్ లేని చిన్న ఎలక్ట్రిక్ బస్సులు, ఆరు సీట్లవి, పద్నాలుగు సీట్లవి, 2025 నుంచి క్యాంపస్‌లో విద్యార్థులను తిప్పుతున్నాయి. లేజర్ కిరణాలతో చుట్టూ కొలుచుకునే పరికరాలు, కెమెరాలు, ఉపగ్రహాల నుంచి అందే స్థాన సమాచారం కలిసి దారి చూపిస్తాయి. గోడ కాంక్రీటులోంచి కంప్యూటర్‌లోకి మారిందన్నమాట. క్యాంపస్ లోపల ఇది చక్కగా సాగుతుంది. ఎదురుగా రాంగ్ రూట్‌లో ట్రాక్టరు, పక్కన మేకల మంద ఉన్నచోట సాగాలంటే ఇంకా చాలా నేర్చుకోవాలి.

పెద్దపల్లి–కరీంనగర్ మధ్య అడిలైడ్ లాంటి దారి వేయాలని నేను అనను. రైలు మార్గం ఉంది, రాజీవ్ రహదారి వెడల్పైంది. కాంక్రీటు గోడల దారి వేస్తే దానికి మొదట వచ్చే కష్టం ఇంజనీరింగుది కూడా కాదు. కాకతీయ కాలువ కింద రెండు పంటలు పండే సీమ ఇది. సుల్తానాబాద్ చుట్టూ రైసు మిల్లులు. కోతలప్పుడు రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి, రైతుకు వేరే కల్లం లేదు. సాపైన కాంక్రీటు, దుమ్ము లేదు, గోడల వల్ల గింజ పక్కకు పోదు. అంతకంటే మంచి కల్లం ఎక్కడ దొరుకుతుంది? ఆరబోయడానికి చోటు చూపించకుండా రైతును తప్పుపట్టి లాభం లేదు. దారి గీసేవాళ్లు ఊళ్లో ముందు అడగాల్సినవి ఇలాంటివి.

గైడెడ్ బస్సు నుంచి మనం ఇప్పుడే తీసుకోదగిన ముక్క ఒకటుంది. అది ముందు చెప్పిన మూడో లాభం, ప్లాట్‌ఫారానికి ఆనుకుని ఆగడం. జర్మనీలో కాసెల్ నగరంలో దీనికోసం ఒక కాంక్రీటు అంచురాయిని తయారుచేశారు. దాని లోపలి ముఖం నిటారుగా ఉండదు, టైరు ఒంపుకు సరిపడేలా గుంటలా వంగి ఉంటుంది. బస్సు దగ్గరికి రాగానే టైరు ఆ ఒంపు మీద కొంచెం ఎక్కి, తన బరువుకు తానే కిందికి జారి, రాయి వెంట తిన్నగా సర్దుకుంటుంది. టైరు గోడ చీలదు, బాడీ తగలదు. ఆ సర్దుబాటు డ్రైవర్ చేతికి స్టీరింగ్‌లో తెలుస్తుంది. బస్సుకు ఏ రోలరూ బిగించక్కర్లేదు. గైడెడ్ దారిని కుదించి కుదించి ఒక్క బస్టాప్ పొడవుకు తెచ్చినట్టు. బండి ఎవరు తయారుచేసినా సరే, పదిహేనేళ్ల తర్వాత కొనేదైనా సరే.

పల్లెవెలుగు బస్సు మెట్ల దగ్గర ఒక ముసలమ్మ ఎలా ఎక్కుతుందో చూడండి. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో మోకాలు, వెనక నుంచి ఎవరో తోయాలి. మొదటి మెట్టే మోకాలెత్తు. కాసెల్ రాయి సుమారు 18 సెంటీమీటర్లు. లో-ఫ్లోర్ బస్సు నేల 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, ఒక పక్కకు వంచే ఏర్పాటు ఉంటే ఇంకా తగ్గుతుంది. అలా వంచినప్పుడు రాయికీ బస్సు నేలకూ మధ్య తేడా అరచేతి వెడల్పు. చక్రాల కుర్చీ చిన్న పలకతో లోపలికి దొర్లిపోతుంది. మన బస్సుల నేల మీటరు ఎత్తున ఉంటే మాత్రం ఏ రాయీ ఏమీ చేయలేదు. కరీంనగర్ డిపోలోకి 2024లో ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. ఇంకా వస్తాయి. టెండరు కాగితంలో బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు పోతుందని అడిగినంత గట్టిగా, తలుపు దగ్గర నేల ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు అని కూడా అడగాలి. పెద్దపల్లి బస్టాండ్‌లో ప్లాట్‌ఫారం అంచు మళ్లీ పోసే రోజున ఆ అంకె చేతిలో ఉండాలి.